సర్వేపల్లి రాధాకృష్ణపండితులు – మాటయు అర్థమును

తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి కొండకు మెట్లు 365. ఆడికృత్తిక ఉత్సవమునాడు ఆ మెట్లపై నిలిచి చెవియొగ్గిన వానికి తెలుగును తమిళమును కలగలుపుగా వినవచ్చును. ఒక వృద్ధురాలు తెలుగున అవసరమనును. మరియొక వృద్ధురాలు తమిళమున అవసరమనును. మొదటి యామెకు ఏదియో వస్తువు కావలసియున్నది. రెండవ యామె త్వరగా పోవలసియున్నది. మాట యొక్కటియే, అర్థములు రెండు. రెండు భాషల నడుమ పెరిగెడి మన బాలబాలికలు ఇట్టి మాటలు విని నవ్వుకొందురు. మేమును చిన్ననాట నవ్వుకొన్నవారమే. కాని ఆ నవ్వు వెనుక ఒక పెద్ద ప్రశ్న దాగియున్నది. మాటకు అర్థము ఎక్కడినుండి వచ్చును? అది మాటలోనే పుట్టినదా, లేక పదిమంది కూడి పెట్టుకొన్న కట్టుబాటా?

ఈ ప్రశ్నను మన శాస్త్రకారులు వందల యేండ్లు తర్కించిరి. ఆ తర్కములను ఇంగ్లీషున వ్రాసి పశ్చిమ దేశముల విశ్వవిద్యాలయములకు అందించిన వారిలో అగ్రగణ్యులు ఈ కొండ క్రిందనే జన్మించిరి. వారే సర్వేపల్లి రాధాకృష్ణపండితులు. వారిని రాష్ట్రపతిగను, సెప్టెంబరు 5వ తేదీ ఉపాధ్యాయ దినోత్సవమునకు మూలపురుషులుగను మన పిల్లలందరు ఎరుగుదురు. వారి జీవితమును మాటకును అర్థమునకును గల సంబంధమువైపునుండి చూచుట మా ప్రయత్నము.

రాధాకృష్ణపండితులు 1888వ సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన తిరుత్తణిలో ఒక తెలుగు కుటుంబమున జన్మించిరి. తండ్రి వీరాస్వామిగారు రెవెన్యూ కొలువులో చిన్న ఉద్యోగి. తల్లి సీతమ్మగారు. ఇంటిపేరు నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి గ్రామమునుండి వచ్చినది. ఆనాడు తిరుత్తణి చెన్నపురి రాజధానిలోని ఉత్తర ఆర్కాటు జిల్లాలో నుండెను. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు అందు చేరెను. 1960 ఏప్రిల్ 1వ తేదీన సరిహద్దుల మార్పు చట్టము ననుసరించి మద్రాసు రాష్ట్రమునకు వచ్చెను. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడినది. నేడు మనము ఆ జిల్లావారము. ఊరు కదలలేదు, కొండ కదలలేదు, పటములో గీతలు మాత్రము కదలినవి. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము, గుడిలో సంస్కృతము విని పెరిగిన పిల్లవానికి ఒకే వస్తువునకు మూడు నాలుగు పేర్లుండుట వింతగా తోచియుండదు.

ప్రాథమిక విద్య తిరుత్తణిలో జరిగెను. పిమ్మట తిరుపతిలోని లూథరన్ మిషను పాఠశాలయందును, వేలూరులోని వూర్హీసు కళాశాలయందును చదివి చెన్నపట్టణపు క్రైస్తవ కళాశాలలో చేరిరి. మధ్యలో 1903లో శివకాముగారితో వివాహమయ్యెను. తత్త్వశాస్త్రమును వారు కోరి యెన్నుకొనలేదు. అప్పుడే పట్టము పుచ్చుకొన్న బంధువొకరు తన తత్త్వశాస్త్ర పుస్తకములను ఆయనకిచ్చెను. క్రొత్త పుస్తకములు కొను స్తోమత లేనందున ఆ పుస్తకములున్న శాస్త్రమే చదువవలసివచ్చెను. బీదరికము ఒక్కొక్కప్పుడు చిత్రమైన త్రోవ చూపును.

క్రైస్తవ కళాశాలలోని ఆచార్యులలో ఎ. జి. హాగ్ అను మతగురువు ముఖ్యుడు. మిషను విద్యాలయములలో హిందూమతమును తీవ్రముగ విమర్శించెడివారు. జగత్తు మాయ యని చెప్పు వేదాంతమున నీతికి చోటెక్కడ? లోకమే లేనపుడు మంచిచెడ్డలెక్కడ? ఇది వారి యాక్షేపణ. ఈ విమర్శ బాలుని కలతపెట్టెను. అది తన నమ్మకమును కదలించి, తన మతగ్రంథములను తానే చదువునట్లు చేసెనని వారు పిమ్మట ఆత్మకథారూపమైన వ్యాసమున తెలిపియున్నారు. ఎం. ఏ. పరీక్షకై 1908లో వేదాంతమునందలి నీతిశాస్త్రమును గూర్చి ఒక సిద్ధాంత వ్యాసము వ్రాసి ఆ యాక్షేపణకు సమాధానము చెప్పిరి. అప్పటికి వయస్సు ఇరువది యేండ్లు.

ఈ వివాదమున సగము ఒక మాటకు సంబంధించినది. మాయ యను మాటను తీసికొందము. మన ఇండ్లలో మాయచేసెననిన మోసగించెనని అర్థము. మాయమయ్యెననిన కనబడకపోయెనని అర్థము. మాయదారి రోగమనుచో తిట్టు. ఋగ్వేదమున అదే మాటకు దేవతల అద్భుతశక్తి యని అర్థము. శంకరాచార్యుల వేదాంతమున అది పారిభాషిక పదము. దీనిని ఇంగ్లీషులోనికి భ్రాంతి యను నర్థమిచ్చు మాటతో మార్చినవెంటనే, చదువరి జగత్తును పగటికలగా తలచును. తలచి, కలలో నీతి యేమని యడుగును. వాని ప్రశ్న తప్పుకాదు. వానికి అందిన మాట తప్పు.

రాధాకృష్ణపండితులు జీవితాంతము ఈ చిక్కుముడిని విప్పుచునే యుండిరి. కుందేటికొమ్ము ఎన్నడును లేనిది. చీకటిలో త్రాటిని చూచి పామనుకొనుట కొంతసేపు మాత్రము నిలుచు భ్రమ. మనము తిని తిరుగు ఈ లోకము ఈ రెండింటికిని చేరదు; వ్యవహారమున అది సత్యమే, కాని తనంతట తాను నిలిచినది కాదు, పరతత్త్వముపై ఆధారపడినది. శాంకరవేదాంతమునందలి ఈ అంతరువులను చూపి, మాయ యనగా లేమి కాదని వారు వాదించిరి. ఆల్బర్టు ష్వైట్జరు అను జర్మను మతతత్త్వవేత్త భారతీయ చింతన లోకమును నిరాకరించునదని వ్రాయగా, 1939లో ప్రకటించిన ప్రాచ్య మతములు, పాశ్చాత్య చింతన యను నర్థముగల గ్రంథమున మరల బదులు చెప్పిరి. వారు శంకరులకు తమ కాలపు కోరికలను అంటగట్టిరని అనువారును గలరు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. అయినను, ఒక్క పదము భాష మార్చినపుడు ఎంతటి అనర్థము కలుగునో వారంత స్పష్టముగ చూపినవారు అరుదు.

1909లో చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలలో ఉద్యోగమున చేరిరి. 1918లో మైసూరు విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి. 1921లో కలకత్తా విశ్వవిద్యాలయము పిలువగా, మైసూరు విద్యార్థులు వారి బండికి కట్టిన గుర్రములను విప్పి తామే రైలుస్టేషనువరకు లాగుకొనిపోయిరి. కలకత్తాలో తెలుగువానికి మాటల వింతలు అడుగడుగున ఎదురగును. మనకు ఉపన్యాసమనగా ప్రసంగము, వంగదేశీయులకు నవల. మనకు శిక్ష యనగా దండన, వారికి చదువు. శిక్షకుడనగా పంతులు! బెత్తము పట్టు పంతులుగారి చేతిలో చదివిన మన తాతలు ఈ రెండర్థములును ఒకటేయని యుందురేమో.

కలకత్తాలో నున్నపుడే భారతీయ తత్త్వశాస్త్రమను వారి మహాగ్రంథము వెలువడెను. మొదటి సంపుటము 1923లో, రెండవది 1927లో. రెండవ సంపుటమున న్యాయ మీమాంసాది దర్శనములు వివరింపబడినవి. శబ్దార్థముల ప్రశ్న వచ్చునది ఇక్కడనే. విద్యార్థులకు ఇది కఠినమని కొందరందురు. మా యభిప్రాయమది కాదు. మన వీధులలో పెరిగినవారికి ఇది పట్టణములలో ఒకే భాష విని పెరిగినవారికంటె సులభము.

నైయాయికులు అర్థము సంకేతమువలన వచ్చునందురు. ఈ మాటకు ఈ వస్తువు అర్థమగుగాక అను కట్టుబాటే సంకేతము. ప్రాచీన పదములకు ఆ కట్టుబాటు ఈశ్వరుడు చేసెను. క్రొత్త పదములకు మనుష్యులు చేయుదురు. అవసరమను మాటకు తెలుగున ఒక అర్థము, తమిళమున మరియొక అర్థము కలుగుట వీరి మతమునకు బలమిచ్చును. అర్థము మాటలోనే పుట్టియుండినచో కొండమెట్లమీది ఇద్దరు వృద్ధురాండ్రకును ఒకటే తోచవలెను గదా.

మీమాంసకులు ఒప్పుకొనరు. మొట్టమొదట ఎవరో మాటకు అర్థము నిర్ణయించిరనుచున్నారే, ఆ నిర్ణయమును తక్కినవారికి ఏ మాటలతో చెప్పిరి? ఆ మాటలకు అర్థము అంతకుముందే ఉండవలెను గదా? కావున శబ్దార్థముల సంబంధము నిత్యమని వారి మతము. ఈ యెదురుప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. పసిబిడ్డకు నిఘంటువు చేతికిచ్చి మాటలు నేర్పిన తల్లి యెవరును లేదు.

మరి బిడ్డ ఎట్లు నేర్చును? శాస్త్రకారులు చూపు ఉదాహరణము ఇది. ఒక పెద్దవాడు మరియొకనితో ఆవును తెమ్మనును. వాడు ఆవును తెచ్చును. ప్రక్కనున్న బాలుడు చూచును. మరియొకనాడు ఆవును కట్టుమనును, గుర్రమును తెమ్మనును. వాక్యములు మారినకొలది ఏది ఆవో, ఏది గుర్రమో, ఏది తెచ్చుటయో, ఏది కట్టుటయో బాలునికి విడివడి తెలియును. ఇచ్చట మీమాంసకులలోనే రెండు పక్షములు. పదములు తమ తమ అర్థములు చెప్పిన పిమ్మట అవి కూడి వాక్యార్థమగునని కుమారిలభట్టు అనుచరులందురు. పదము ఎన్నడును ఒంటరిగ అర్థమీయదు, వాక్యములో ఇతర పదములతో కలిసియే ఇచ్చునని ప్రభాకరుని అనుచరులందురు. వైయాకరణుడైన భర్తృహరి ఇంకను ముందుకుపోయి, వాక్యము అఖండమనియు, దానిని పదములుగ విడదీయుట మన సౌకర్యమునకేననియు వాక్యపదీయమున ప్రతిపాదించెను. తెలుగు చదువని తమిళ బాలుడొకడు మన వీధిలో ఆడుకొని ఒక యేడాదిలో తెలుగు మాటలాడుట మేము చూచియున్నాము. వాడు పదములు నేర్చెనా, వాక్యములు నేర్చెనా? వాని నడిగిన ఆడుకొంటి ననును.

కుమారిలభట్టును గూర్చి మన ప్రాంతమువారు తప్పక ఎరుగవలసిన ముచ్చట యొకటి కలదు. ఆయన ఏడవ శతాబ్దివాడు. తంత్రవార్తికమను గ్రంథమున దక్షిణదేశ భాషలను ప్రస్తావించెను. ద్రావిడులు అన్నమును చోరనగా, సంస్కృతము మాత్రమే ఎరిగిన పండితులు దానిని చోరునిగ, అనగా దొంగగ, మార్చి అర్థము చెప్పెదరట. పామును తెలుపు దేశ్యపదమును వినిన పాపమనెదరట; అది పాపిష్ఠి ప్రాణియే గదాయని సమర్థించుకొనెదరట. పరభాషాపదమును తన భాషలోనికి బలవంతముగ లాగరాదని, ఆ మాట నాడువారి వ్యవహారమునే ప్రమాణముగ గొనవలెనని ఆయన చూపదలచినది. పదమూడు శతాబ్దులకు మునుపు మీమాంసాచార్యుడొకడు మన దక్షిణాది అన్నమును పామును పట్టుకొని వాదించెననిన మాకు ఎంతయో సంతోషము.

1926లో రాధాకృష్ణపండితులు ఆక్స్ఫర్డులో ఉపన్యాసములిచ్చిరి. అవి హిందూ జీవనదృష్టిని గూర్చిన చిన్న పుస్తకముగ మరుసటి యేట వెలువడినవి. ఆ యేడే అమెరికాలోని హార్వర్డున జరిగిన తత్త్వవేత్తల మహాసభకు పోయిరి. 1929లో హిబ్బర్టు ఉపన్యాసములిచ్చి, 1932లో ఆదర్శవాద జీవనదృష్టి యను నర్థముగల గ్రంథముగ ప్రకటించిరి. వారి స్వంత సిద్ధాంతము ముఖ్యముగ ఇందున్నది. పరతత్త్వానుభవము కొందరికి ప్రత్యక్షముగ కలుగును. ఆ యనుభవము మాటలకు పూర్తిగ లొంగదు. మాటలు, మూర్తులు, కథలు దానికి గురుతులు మాత్రమే. మతములు వేరగుట గురుతులు వేరగుటవలననే. సంగ్రహముగ వారి మతమిది.

1936లో ఆక్స్ఫర్డు విశ్వవిద్యాలయమున ప్రాచ్యమత నీతిశాస్త్రముల స్పాల్డింగు ఆచార్యపీఠము వారికి లభించెను. ఆల్ సోల్సు కళాశాల సభ్యులునైరి. విచిత్రమేమనగా, అదే ఊర, అదే యేట ఎ. జె. ఏయర్ అను యువకుడు భాష, సత్యము, తర్కము అను నర్థముగల పుస్తకమును ప్రకటించెను. ఇంద్రియానుభవముచేత పరీక్షింపవీలులేని వాక్యములు, గణిత తర్క వాక్యములు తప్ప, అర్థములేనివని వాని వాదము. దేవుడున్నాడనుట, లేడనుట రెండును తప్పుగావు, ఒప్పుగావు, వట్టి ధ్వనులు. అదే ఆల్ సోల్సు కళాశాలలో ఐజయా బెర్లిను గదియందు ఏయరు, ఆస్టిను మొదలగు యువతత్త్వవేత్తలు కూడి, ఒక మాటకు అర్థముండుట యననేమి యని కొన్ని యేండ్లు తర్కించిరి. తరువాతి కాలమున భాషాతత్త్వశాస్త్రమని పేరొందిన విద్యకు ఆ గది యొక పురిటిల్లు. రాధాకృష్ణపండితులు ఆ గోష్ఠిలోనివారు కారు. ఒకే కప్పు క్రింద ఒకచోట మాటకు అందని సత్యము, మరియొకచోట మాటకు అందనిది అసలు సత్యమే కాదనుట!

వీరిలో ఎవరు గెలిచిరని పిల్లలడుగుదురు. ఏయరు సూత్రమునకు ఒక పెద్ద చిక్కు వచ్చెను. పరీక్షింపవీలులేని వాక్యము అర్థరహితమను ఆ వాక్యమును ఏ ఇంద్రియముతో పరీక్షింతుము? తన గ్రంథమున దోషములు చాల గలవని అతడే వార్ధకమున నొప్పుకొనెను. అట్లని మనవారి పక్షమునకు చిక్కు లేదనరాదు. ఒకని యనుభవము మాటలకు అందనిచో, తిరుత్తణి భక్తుని యనుభవమును, అస్సీసీ సన్యాసి యనుభవమును ఒకటేయని చెప్పుట ఎట్లు? రెండింటిని పోల్చుటకును మాటలే కావలెను గదా. ఈ ప్రశ్నకు వారి గ్రంథములలో తృప్తికరమగు సమాధానము మాకు దొరకలేదు. పెద్దవారియందు గౌరవముంచియే ఈ మాట వ్రాయుచున్నాము.

1931 మొదలు 1936 వరకు వారు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులు. హుమయూన్ కబీరు, హీరేన్ ముఖర్జీ వంటి వంగదేశపు యువ పండితులను వాల్తేరునకు రప్పించిరి. 1939 నుండి 1948 వరకు కాశీ హిందూ విశ్వవిద్యాలయమును నడపిరి. 1948లో భగవద్గీతకును, 1950లో ధమ్మపదమునకును, 1953లో ముఖ్యోపనిషత్తులకును, 1960లో బ్రహ్మసూత్రములకును వారి ఇంగ్లీషు అనువాదములు వచ్చినవి. ధర్మమను ఒక్కమాట చాలును అనువాదకుని ఆయాసము తెలియుటకు. నిప్పునకు కాల్చుట ధర్మము. రాజునకు పాలన ధర్మము. కొండమెట్లపై కూర్చున్న బిచ్చగాడు ధర్మము చేయుమనును. ఈ మూడింటిని మోయగల ఒక్క ఇంగ్లీషు పదము లేదు.

స్వాతంత్ర్యానంతరము 1948–49లో విశ్వవిద్యాలయ విద్యాసంఘమునకు వారధ్యక్షులు. ఉన్నతవిద్య ఇంగ్లీషును విడిచి దేశభాషలలో జరుగవలెననియు, విద్యార్థులు ప్రాంతీయభాష, కేంద్రభాష, ఇంగ్లీషు అను మూడింటితో పరిచయము గలిగియుండవలెననియు ఆ సంఘము సూచించెను. ప్రాంతీయభాష యనునపుడు, ఆ ప్రాంతముననే వేరు మాతృభాషగల మనవంటివారి మాట చిక్కుపడుచున్నది. మన తల్లిదండ్రులకు ఇది పుస్తకములలోని ప్రశ్న కాదు. తమిళనాట 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టము తమిళమును ఒకటవ తరగతినుండి క్రమముగ పదవ తరగతివరకు నిర్బంధ పాఠ్యాంశముగ చేసినపుడు, అల్పసంఖ్యాక భాషల కుటుంబములు ఎంత తల్లడిల్లినవో, న్యాయస్థానములకు పోయి మినహాయింపులు ఎట్లు పొందినవో అందరెరిగినదే. తమిళము నేర్చుటవలన నష్టము లేదు. రాధాకృష్ణపండితుల బాల్యమే అందులకు సాక్షి. తెలుగు పోవునేమో యనునదే భయము.

1949 నుండి 1952 వరకు రష్యాలో రాయబారిగను, పిమ్మట 1962 వరకు ఉపరాష్ట్రపతిగను, 1967 వరకు రాష్ట్రపతిగను ఉండిరి. 1954లో భారతరత్న బిరుదము లభించెను. 1965 జనవరి 26వ తేదీన హిందీ ప్రధాన అధికారభాష యగు సందర్భమున మద్రాసు రాష్ట్రమున విద్యార్థుల ఆందోళనము రేగి ప్రాణనష్టమాయెను. కేంద్రమంత్రులు సి. సుబ్రహ్మణ్యం, ఓ. వి. అళగేశన్ గారలు రాజీనామా లిచ్చిరి. ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారు వానిని పంపగా రాష్ట్రపతి యామోదింపక పునరాలోచన చేయుమనిరని చరిత్రకారులు వ్రాయుదురు. శాస్త్రిగారు ఇంగ్లీషు కొనసాగునని రేడియోలో హామీ నిచ్చిరి. మాటకును అర్థమునకును గల సంబంధమును జీవితమంతయు తలపోసిన వృద్ధుని యెదుట, ఆనాడు భాషకును ప్రాణమునకును గల సంబంధము నిలిచెను.

మాకొక కొరత తీరలేదు. తల్లి యొడిలో తెలుగు నేర్చిన ఈ మహానుభావుని ప్రధానగ్రంథములన్నియు ఇంగ్లీషుననే యున్నవి. మనము వానిని అనువాదములలో చదువవలసివచ్చినది. కాలమట్టిది, శ్రోతలట్టివారు, కారణము తెలియకపోలేదు. అయినను మాయను గూర్చి తిరుత్తణి తెలుగున వారొక్క వ్యాసము వ్రాసియుండిన ఎట్లుండెడిదో యని మేము తలచుకొనని దినము లేదు.

పదవీవిరమణానంతరము చెన్నపట్టణమున మైలాపూరులోని స్వగృహమునకు వచ్చిరి. 1968లో సాహిత్య అకాడమీ తన ప్రథమ విశిష్ట సభ్యత్వమును వారికొసగెను. 1975 ఏప్రిల్ 17వ తేదీన వారు దివంగతులైరి. వారి యింటి ముందరి ఎడ్వర్డు ఎలియట్సు రోడ్డునకు పిమ్మట డాక్టరు రాధాకృష్ణన్ సాలై యని పేరు పెట్టిరి. మన పిల్లలు పట్టణమునకు పోయినపుడు ఆ పలకను చూచి, పాఠశాల, ధర్మశాల వలె ఇదియు ఒక శాల కాబోలునని తలచి, భవనమెక్కడ అని యడుగుదురు. తమిళమున సాలై యనగా బాట.